లోపలికెళ్ళి చెబుతాను

"ఈరోజు అవునో కాదో తేల్చి చెప్పాలి అన్నగారూ" అంటూ నిర్మాత స్క్రిప్టు బల్ల మీద పెట్టాడు. పెట్టాడే గాని దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "రేపటి నుంచి సెట్టు వేస్తున్నారు. మీరు కాదంటే ఇంకొకర్ని అడగాలి. అడగడం నాకిష్టం లేదు."

నటుడు ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"లోపలికెళ్ళి చెబుతాను."

ఆ మాట సినిమావాళ్ళందరికీ తెలిసిందే. ఆయన కథ పట్టుకుని లోపలి గదిలోకి వెళతాడు. గంటకో రెండు గంటలకో బయటికి వచ్చి చేస్తాననో చెయ్యననో చెబుతాడు. అలా చేసినవి నలభై ఒక్క సినిమాలు. వాటిలో చెడ్డది ఒక్కటీ లేదు. అలాంటి నటులు నలుగురే ఉన్నారని మొన్న ఒక పత్రిక రాసి, మొదట ఈయన ఫొటో వేసింది. నిర్మాత ఆ పత్రికను కూడా వెంట తెచ్చాడు. ఈయన ఒప్పుకున్న దర్శకులంతా ఒకే తీరు మనుషులనీ, ఏం తియ్యాలో ముందే తెలిసినవాళ్ళు గనక పొద్దు వాలేసరికి సామాను సర్దేసుకుంటారనీ, వాళ్ళను పట్టుకునే ఆ చూపు ఎక్కడిదో తనకు అంతుపట్టదనీ అన్నాడు. నటుడు పత్రిక వైపు చూడకుండా స్క్రిప్టు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

లోపలి గదిలో ఒక మంచం, కిటికీ దగ్గర ఒక కుర్చీ ఉన్నాయి. కుర్చీ ఏడు నెలలుగా ఖాళీగా ఉంది.

ఇన్నేళ్ళూ కథలు చదివింది ఆయన కాదు, ఆయన భార్య. ఆమె పెన్సిలు పట్టుకుని కుర్చీలో కూర్చుని చదువుతుంటే ఆయన మంచం మీద కూర్చుని ఆమె ముఖం చూస్తుండేవాడు. చదవడం అయ్యాక ఆమె కళ్ళజోడు తీసి స్క్రిప్టు మీద పెడితే చెయ్యమని. దాని డబ్బాలో పెట్టేస్తే వద్దని. ఎందుకని ఆయన ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెయ్యి తగిలిన సాలెగూడులా ఆ చూపు చెదిరిపోతుందేమోనని భయపడ్డాడు.

ఆమె పోయాక ఎనిమిది కథలు వచ్చాయి. ఎనిమిదీ తనే చదివాడు. ఎనిమిదీ కాదన్నాడు.

ఈ తొమ్మిదోది చదవడం ముగించేసరికి కూతురు నిర్మాతకు టీ ఇచ్చి లోపలికి వచ్చింది. కథలు ఎంచింది తల్లేనన్న సంగతి తెలిసింది ఆమె ఒక్కతికే.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుంది."

"మరింకేం, ఒప్పుకోండి."

"మొన్నటిదీ బాగుంది, అటుమొన్నటిదీ బాగుంది. నాకు అన్నీ బాగానే ఉంటాయమ్మా. అదే నా జబ్బు."

"ఎనిమిది మందిని తిప్పి పంపారు. ఈయన కూడా వెళ్ళిపోతే ఇక ఈ గడప ఎవరూ తొక్కరు. ఈ గోడలు చూస్తూ ఎన్నాళ్ళుంటారు?"

ఆయన, మీ అమ్మ ఆ కథల్లో ఏం చూసేదో తెలిస్తే బాగుండునని మాత్రం అన్నాడు.

కూతురు బీరువా తెరిచింది. పాత స్క్రిప్టులన్నీ అందులోనే ఉన్నాయి. ఒప్పుకున్నవి పై అరలో, కాదన్నవి కింద అరలో. ఏడు నెలల తర్వాత గదిలోకి పెన్సిలు వాసన వచ్చినట్టనిపించి ఆయన కిటికీ వైపు తిరిగాడు. వెనక కాగితాలు తిరుగుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

"కథలో అమ్మ ఎక్కడా ఒక్క గీత కూడా పెట్టలేదు నాన్నా."

ఇంకొకటి తీసింది. అందులోనూ లేదు. మూడోది చేతిలోంచి జారి బోర్లా పడి, చివర కుట్టిన కాగితం పైకి వచ్చింది. ఏ రోజు ఎక్కడ ఎన్ని గంటలకు షూటింగో రాసి ఉండే కాగితం అది. ఎవరూ చదవరు. దాని మీద పెన్సిలు గీత ఉంది.

ఆమె నేల మీద కూర్చుని ఒక్కొక్కదానిలో చివరి కాగితమే చూస్తూ పోయింది. పై అరలోని వాటిలో "సాయంత్రం ఆరు గంటలకు ముగింపు" అన్న చోట గీత. కింద అరలోని వాటిలో "రాత్రి షూటింగు" చుట్టూ సున్నా, "పొరుగూళ్ళో నలభై రోజులు" చుట్టూ సున్నా. వాటిలో ఒకటి తర్వాత వేరే నటుడు చేసి, ఆ ఏడాది బహుమతులన్నీ పట్టుకెళ్ళిన సినిమా. దానిలో "కొండల్లో రెండు నెలలు" అన్న మాట చుట్టూ రెండు సున్నాలున్నాయి.

"అమ్మ చూసింది మంచీ చెడ్డా కాదు" అంది కూతురు మెల్లగా. "మీరు భోజనం వేళకు ఇంటికొస్తారా రారా అని."

ఆయన వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. ఏడు నెలల్లో అందులో కూర్చోవడం అదే మొదలు. ఒళ్ళో ఉన్న స్క్రిప్టును కూతురికి అందించి, చివరి కాగితం చదవమన్నాడు.

"అరవై రోజులు. అంతా ఈ ఊళ్ళోనే. రోజూ ఆరింటికల్లా ఇంటికి." ఆమె తలెత్తి తండ్రిని చూసింది. "అమ్మ ఉంటే కళ్ళజోడు దీని మీద పెట్టేది నాన్నా."

ఆయన స్క్రిప్టు తీసుకుని లేచి హాల్లోకి నడిచాడు. ఆయన ముఖం చూసి నిర్మాత టీ కప్పు పట్టుకునే నిలబడ్డాడు. నటుడు స్క్రిప్టును బల్ల మీద పెట్టి, మెల్లగా నిర్మాత వైపు జరిపాడు. తర్వాత, సాయం అడిగే మనిషిలా తల వంచుకుని అన్నాడు.

"ఇది వద్దు తమ్ముడూ. నెలల తరబడి ఇంటికి రానక్కర్లేని సినిమా ఏదైనా ఉందా?"