వెనక బ్రేకులు

ఆస్పత్రి గేటు దగ్గర కారు కీచుమంటూ ఆగేసరికి, ఎవరో మనిషి ఎదురొచ్చి బానెట్ మీద చెయ్యి వేశాడు.

మాసిన గడ్డం. ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుని ఉంది.

"అమ్మా, వెనక బ్రేకులు చూపించండి. ఈ కూత మంచిది కాదు."

"ముందు తప్పుకోండి. పాపకి టైమైపోతోంది" అంది స్టీరింగు ముందున్న టీచరమ్మ.

ఆమె పాపకి కిడ్నీలు చెడిపోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించాలి. ఒక్కసారి తప్పినా ఒళ్ళు ఉబ్బిపోయి, ఊపిరందక బిడ్డ గిలగిల్లాడిపోతుంది. ఆస్పత్రి చూస్తే కొండమీద. బస్సుల్లో మోసుకెళ్ళలేకే, పాత కార్లు అమ్మిపెట్టే తమ్ముణ్ణి బతిమాలి ఈ కారు తెప్పించుకుంది.

కారు వచ్చిన రోజునుంచీ కూత కూడా వచ్చింది. తమ్ముడు తనకు తెలిసిన షెడ్డుకి తీసుకెళ్ళి, వెనక చక్రాలు విప్పించి, దుమ్ము ఊదించి తెచ్చాడు. నాలుగు రోజులు నోరు మూసుకుని మళ్ళీ మొదలెట్టింది.

"అంతా విప్పి చూడాలి. రెండ్రోజులు వదిలిపెట్టండి" అన్నాడు వీధి చివరి మెకానిక్.

రెండ్రోజులు కారు లేకపోతే పాప గతేమిటి?

"పాత కారన్నాక ఆమాత్రం కూయదా అక్కా? కంగారు పడకు" అన్నాడు తమ్ముడు.

గడ్డం మనిషి మాత్రం జిడ్డులా పట్టుకున్నాడు. ఒకరోజు ఏకంగా ఇంటికే వచ్చాడు.

"ఒక్క పూట కారు నాకొదలండమ్మా. బాగుచేసి తెచ్చిస్తాను."

"మీరు మెకానికా?"

"కాదు."

"మరి మీకెందుకండీ ఈ గొడవ?"

అతను నోరు తెరిచాడు. గుమ్మంలో నిలబడ్డ పాపని చూశాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

సాయంత్రం తమ్ముడితో ఈ సంగతి చెప్పింది. వంకర చెయ్యి అనగానే వాడు తింటున్న పళ్ళెం పక్కన పెట్టేశాడు.

"వాడు కార్ల దొంగ అక్కా. దగ్గరికి రానివ్వకు."

టీచరమ్మ నమ్మింది. నమ్మకేం చేస్తుంది, తోడబుట్టినవాడి మాట.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక తెల్లవారుజామున వీధిలో ఇనుము చప్పుడైంది. పాప పాదాలు అప్పటికే ఉబ్బి, ఆయాసంతో మూలుగుతోంది. టీచరమ్మ కిటికీ తెరిచి చూసి వీధిలోకి పరుగెత్తింది.

కారు జాకీ మీద ఉంది. కుడివైపు వెనక చక్రం ఊడదీసి గోడకి ఆనించి ఉంది. గడ్డం మనిషి నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని లోపల ఏదో పీకుతున్నాడు.

ఆమె అరుపుకి మేడమీది బాబాయి, ఎదురింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"నా కారే దొరికిందా నీకు? నా బిడ్డ చచ్చిపోతుందిరా" అంటూ అతని చెంప పగలగొట్టింది. బళ్ళో పిల్లల్ని కూడా ఏనాడూ కొట్టని చెయ్యి అది.

అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"పావుగంట ఆగండమ్మా. ఎడమవైపు అయిపోయింది. ఇదీ అయిపోతుంది."

ఎవరు వింటారు? బాబాయి మెడబట్టి గెంటాడు. మిగతావాళ్ళు తలో చెయ్యీ వేశారు. చొక్కా చిరిగింది, పెదవి పగిలింది. వీధి మలుపుదాకా తరుముతున్నా అతను వెనక్కి తిరిగి ఒకటే గోల.

"బయల్దేరే ముందు కాస్త వెనక్కి పోనిచ్చి బ్రేకు తొక్కండమ్మా. అప్పుడే కుదురుకుంటాయి."

"పిచ్చి కూడా ఉన్నట్టుంది వీడికి" అన్నాడు బాబాయి.

వీధి చివరి మెకానిక్‌ని నిద్రలేపి తెచ్చారు. పాప మూలుగు వీధిలోకి వినబడుతోంది. టీచరమ్మ మెకానిక్‌ని కారు దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఏమేం పీక్కుపోయాడు? తొందరగా చూడు బాబూ."

మెకానిక్ లోపలికి తొంగిచూసి, చేత్తో తడిమాడు.

"ఏమీ పోలేదు టీచరమ్మా. కొత్త బ్రేకు షూలు వేశాడు. స్ప్రింగొకటి తగిలిస్తే అయిపోయినట్టే."

కింద పడి ఉన్న పాత షూ చేతిలోకి తీసుకున్నాడు. దానికి అంటి ఉండాల్సిన లైనరు, చక్రాన్ని ఒరుసుకుని ఆపే పట్టీ, సగం లేచిపోయి, ఇనుము బయటపడి ఉంది. గోటితో లాగితే ముక్క ఊడొచ్చింది.

"ఇనుముకి ఇనుము రాసుకునే కూస్తోంది. కొండ దిగేటప్పుడు ఈ ముక్క ఇరుక్కుని చక్రం పట్టేసిందంటే, ఇంక బండి మన చేతిలో ఉండదు."

నిలబడి ఏడవడానికి తీరికేది? చక్రం బిగించగానే పాపని ఎక్కించింది. అతను చెప్పినట్టే కాస్త వెనక్కి పోనిచ్చి బ్రేకు తొక్కింది. కారు కిక్కురుమనలేదు.

పాపని వేళకి మంచం ఎక్కించాక గేటు దగ్గరికి పరుగెత్తింది. అతను లేడు. మందుల కొట్టు దగ్గర, బస్టాపులో, కార్ల మధ్యన వెతికింది. అతన్ని కొట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కబురందుకుని తమ్ముడు ఆస్పత్రికొచ్చాడు.

"దొంగన్నావే. ఏ దొంగయినా కొత్త బ్రేకులు వేసి పోతాడట్రా? ఎవరతను?"

వాడు తలెత్తలేదు.

"చెబితే నువ్వా కారు ఎక్కవని చెప్పలేదక్కా. పాపకి కారు కావాలి, చేతికి అందింది అదొక్కటే."

"ఎవరతను?"

"ఆ కారు అతనిదే. సొట్టలు తీయించి, రంగు వేయించి నీకిచ్చింది నేను. ఇలాగే కూస్తుంటే, రేపు చూపిద్దాంలే అనుకుని కొండ దిగాడట. మలుపులో చక్రం పట్టేసిందట."

తమ్ముడు పాప ఉన్న వార్డు వైపు చూశాడు.

"ఆ రోజు వెనక సీట్లో వాళ్ళ పాప ఉందక్కా."