దారం తగిలితే చచ్చినట్టే

“నీ ముగ్గురూ ఔట్ బావా!”

బావమరిది టపటపా మూడు సీసపు సైనికుల్ని పడగొట్టాడు.

బావాబావమరుదులిద్దరికీ ఈ యుద్ధాల ఆటంటే పిచ్చి. ఈసారి నెల రోజులు తిండీ తిప్పలూ మాని, ప్లైవుడ్ చెక్క మీద ఏకంగా ఒక వీధే కట్టేశారు. అట్టముక్కల ఇళ్లు, థర్మోకోల్ మిల్లు, ఎర్రరంగు నెత్తురు.

నలభై ఏళ్ల కిందట, యుద్ధంలో, ఆ వీధికి అడ్డంపడి పదిమంది పరిగెత్తారు. మిల్లులో మాటువేసిన శత్రువులు కాల్చారు. తొమ్మిదిమంది పిట్టల్లా రాలిపోయారు. భుజాన పసిపిల్లతో దాటేసిన పదోమనిషి బావమరిది నాన్న. ఆ పసిపిల్లే అతని అక్క, ఇప్పుడు బావకు భార్య.

ఇప్పుడా నాన్నకు చూపు పోతోంది. “పూర్తిగా పోకముందే ఆ వీధి ఒక్కసారి చూపించరా” అని కొడుకుని అడిగాడు. లోపలిగదిలో పడుకున్నాడు. లేచేసరికి అంతా సిద్ధం కావాలి.

ఆటకు రూలు ఒక్కటే. తుపాకీ నుంచి ఎదుటివాడి గుండెదాకా దారం లాగాలి. అడ్డులేకుండా తగిలిందా, వాడు చచ్చినట్టే.

మిల్లు కిటికీల్లోంచి ఎన్నిసార్లు లాగినా, దారం నాన్న బొమ్మకు తగల్లేదు. గోడ అడ్డం.

“చూశావా బావా! మా నాన్న కనపళ్లేదు కాబట్టే బతికాడు!” బావమరిది పొంగిపోయాడు.

వంటింట్లో స్టవ్ బాగుచేస్తున్న ముసలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బల్ల మీదికి వంగి చాలాసేపు చూశాడు.

“ఈ గోడకో కన్నం ఉండాలి బాబూ.”

“ఫొటో చూసి కట్టాం పెద్దాయనా. నీ బర్నర్ సంగతి నువ్వు చూసుకో.”

“ఫొటోలో ఉండదు. రెండిటుకలు పీకి చేసిన కన్నం.”

అంటూనే బ్లేడు అందుకుని మిల్లు గోడలో పొడిచాడు. కన్నంలోంచి దారం లాగాడు.

అది తిన్నగా వెళ్లి నాన్న బొమ్మ గుండెకు తగిలింది.

బావమరిదికి ఒళ్లు మండిపోయింది.

“మా నాన్ననే చంపుతావట్రా!”

“అది కాదు బాబూ, కనపడ్డా...”

మాట పూర్తికాలేదు. మూతి పగిలింది. పన్ను ఊడి అట్టముక్కల ఇళ్ల మధ్య పడింది. ముసలాయన చెయ్యి కూడా అడ్డుపెట్టుకోలేదు.

“వదలరా, చచ్చిపోతాడు!” అని బావ అడ్డొస్తే అతనికీ ఒకటి తగిలింది.

బావమరిది ముసలాయన కాలరు పట్టి ఈడ్చుకెళ్లి మెట్ల మీంచి తోసేశాడు. పదకొండు మెట్లు. కిందిమెట్టుకు తల కొట్టుకుని చిట్లింది.

బావ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అరగంటకు ఫోను.

“పోయాడ్రా. దారిలోనే.”

బావమరిది కూలబడ్డాడు. వెధవ కోపం! ఒక్క క్షణం ఆగితే దాని సొమ్మేం పోయింది?

నాన్న లేచి వచ్చాడు. ఆయనకు చెవులూ అంతంతమాత్రమే, గొడవేదీ వినలేదు. బల్లకు ముక్కు ఆనించి, వేళ్లతో మిల్లు గోడ తడుముతూ వెళ్లాడు.

వేలు ఒకచోట ఆగిపోయింది.

“ఒరేయ్, ఈ కన్నం గురించి నీకెవరు చెప్పార్రా?”

బావమరిది అట్టముక్కల ఇళ్ల మధ్య పడున్న పన్ను వైపు చూశాడు.

“నేను మీ అమ్మకు కూడా చెప్పలేదు. చెబితే, ఆ తొమ్మిదిమందిని చంపినవాళ్లలో ఒకడని మనవాళ్లు వాణ్ణి వెతికిమరీ చంపేవాళ్లు.” నాన్న కన్నం మీంచి వేలు తియ్యలేదు. “ఇది తెలిసింది ఇద్దరికే. పిల్లనెత్తుకుని పరిగెత్తిన నాకూ, నా గుండెకు గురిపెట్టి కూడా, పిల్లను చూసి తుపాకీ దించేసినవాడికీ.”