గేటు మీది మొహం

రాష్ట్రంలో ప్రతి ఆసుపత్రి గేటు మీదా సర్కారువాళ్ళు తెర మీద కదిలే ఒక పెద్ద మొహం పెట్టి రెండేళ్ళయింది. లోపల డాక్టర్లు చేతులు బాగా కడుక్కుంటే అది నవ్వుతుంది. లేకపోతే మూతి ముడుచుకుని, "పక్క ఊరివాళ్ళు వీళ్ళకంటే రెండింతలు కడుక్కుంటున్నారు" అని దారినపోయేవాళ్ళందరికీ వినపడేలా చెబుతుంది. తిట్టదు, జరిమానా వెయ్యదు. పరువు తీస్తుందంతే.

సూపరింటెండెంటు పట్టాభిరామ్‌గారు పరువు కోసం ఏమైనా చేస్తారు, చేతులు కడుక్కోవడం తప్ప. అందుకని ఆయా సువార్తమ్మకి కుళాయి దగ్గర స్టూలేయించారు. గేటు మీది మొహానికి లెక్క పంపేది కుళాయే; దానికి ఎవరి చేతులో తెలీదు, ఎన్నిసార్లో తెలుసు. సువార్తమ్మ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా డాక్టర్లందరి తరఫునా కడిగింది. గేటు మీది మొహం తెగ నవ్వింది.

మూడో నెలకి ఆవిడ వేళ్ళు నీళ్ళలో నాని పాసిపోయి పగిలాయి. స్టూలు దిగి, చూపించుకుందామని సూపరింటెండెంటు గదికే వెళ్ళింది. ఆయన ఎవరిదో చీము కురుపు నొక్కి పంపించి, అదే చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకోబోయారు.

సువార్తమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. "కడుక్కోండి బాబుగారూ."

"పొద్దున నా తరఫున కడిగావుగా."

"అది గేటుకండీ. ఇవి నా చేతులు."

ఆయన గొణుక్కుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళారు. ఎంతసేపటికీ నీళ్ళ చప్పుడు రాలేదు.

"కింద కాలితో నొక్కాలండీ," అంది సువార్తమ్మ.