ఒకటో నంబరు సీసా

తెల్లారగానే పడవను నీళ్ళలోకి తోస్తుంటే, ఎవరో మనిషి వచ్చి అడక్కుండానే భుజం ఆనించాడు.

నరసయ్య తల తిప్పి చూశాడు.

మాసిన చొక్కా, ఖాకీ సంచి, మెడ చుట్టూ చెవులదాకా తువ్వాలు. నోరు ఎడమపక్కకి లాగేసి ఉంది. కుడి కన్ను మూతపడక నీరు కారుతోంది.

"ఎవురయ్యా నువ్వు? తియ్ చెయ్యి. వేటకి పోతా నీ మొగమా చూడాల్సింది?"

ఆ మనిషి చెయ్యి తీసేశాడు. ఇలాంటి మాటలు అలవాటైపోయినవాడిలా పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఆ రోజు చేప పడలేదు. వల కూడా చిరిగింది. పాత వల, ఎప్పుడైనా చిరిగేదే. అయినా పడవలో అందరూ ఆ వంకరమూతినే తిట్టుకున్నారు.

నరసయ్య ఇల్లు చేరేసరికి ఆ మనిషి గుడిసె ముందే ఉన్నాడు. నరసయ్య భార్య కామాక్షమ్మ కుడి చెవి కింద వేళ్ళు ఆనించి చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళనించి ఉండాది అక్కా?"

"నిరుడు పోలేరమ్మ జాతరకాడ నుంచి. గోలీకాయంతే. నొప్పేం లేదు."

"నొప్పి లేకపోబట్టే నాకు భయం."

నరసయ్య అడ్డుపడ్డాడు. "నా పెళ్ళాం మీద చెయ్యేందయ్యా? అది గవదబిళ్ళ. వాత పెట్టించినాం. తగ్గతాది."

"వాతకి తగ్గేది కాదన్నా. నోట్లో ఎంగిలి ఊరే గ్రంథి ఉంటాది ఆడ. దాంట్లో పుట్టిన గడ్డ ఇది. కోసి, ముక్కని పెద్దది చేసి చూపించే అద్దం కింద పెట్టి చూస్తేగానీ మంచిదో చెడ్డదో తేలదు. చానా వరకు మంచివే. చెడ్డదైనా, ముందుగా పోతే బతకొచ్చు."

"నీకెట్టా తెలుసు?"

ఆ మనిషి ఏదో చెప్పబోయాడు. కామాక్షమ్మ వంక చూసి, తువ్వాలు సర్దుకుని ఊరుకున్నాడు. సంచిలోంచి ఒక చీటీ తీశాడు.

"చెన్నపట్నం పెద్దాసుపత్రిలో ఈ చీటీ చూపిస్తే వెంటనే చూస్తారు. మంగళవారం కాలవ రేవుకి రండి. నేనే తోడొస్తా."

"ఇనుము తగిలితే గడ్డ ఒళ్ళంతా పాకతాది. కోతకి పంపేదే లేదు. నీ మూతి నువ్వు సరిచేసుకోలేవు గానీ, మాకు వైద్యం చెప్పొచ్చినావా?"

పక్కిళ్ళవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. సగం నోరే కదిలింది.

నరసయ్య చీటీని పొయ్యిలో అంటించి, దాంతో చుట్ట వెలిగించుకున్నాడు.

మంగళవారం ఆయన రేవులో పొద్దుగూకేదాకా కూచున్నాడట.

"కూచోనీ" అన్నాడు నరసయ్య.

ఏడాది తిరిగేసరికి గడ్డ నిమ్మకాయంతయింది. ఒకరోజు గంజి తాగుతుంటే కామాక్షమ్మ పెదవి పక్కనుంచి కారిపోయింది. నరసయ్య ఆమె ముఖంలోకి చూశాడు.

నోరు ఎడమపక్కకి లాగుతోంది. కుడి కన్ను మూతపడటం లేదు.

నరసయ్య మూడు మంగళవారాలు వరసగా రేవులో కాపు కాశాడు. ఆయన రాలేదు. చివరికి చీటీ లేకుండానే భార్యను పడవెక్కించాడు.

ఆసుపత్రిలో ముక్క తీసి చూశారు. వారం తరవాత డాక్టరు నరసయ్యను ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు.

"చెడ్డ రకం. మెడలోకి దిగిపోయింది. చేయగలిగింది చేస్తాం. ఏడాది కిందట తీసుకొచ్చుంటే ధైర్యం చెప్పేవాణ్ణి."

నరసయ్య గోడకు ఆనుకుని అట్లాగే కూలబడ్డాడు. ఏడుపు ఆగలేదు.

"ఒకాయన చెప్పినాడయ్యా. నేనే ఇన్లేదు. మూతి వంకరగా ఉండే డాక్టరు. ఆయన కాళ్ళు పట్టుకోవాల. యాడుంటాడు?"

డాక్టరు లేచి గాజు బీరువా తెరిచాడు. నిండా సీసాలు. ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క, పైన నంబరు, పేరు.

"ఇవన్నీ మీ తీరం నుంచి వచ్చినవే. నలభై మూడు. ఏ రకం గడ్డ ఎంతమందికి వస్తోందో అక్కడ ఎవరూ లెక్క చూడలేదు. ఇందులో ఇరవై తొమ్మిది మంచి రకాలు. ఆ మనుషులు హాయిగా వేటకు పోతున్నారు. అందర్నీ వెంటబెట్టుకుని తీసుకొచ్చింది ఆయనే."

"ఇప్పుడు యాడుండాడయ్యా?"

"మొన్న ఎండాకాలం ఈ వార్డులోనే పోయాడు. మూతి అట్లా అయింది ఆయన గడ్డ కోసినప్పుడే, ముఖం నరం తెగి. అది చెబితే జడిసి ఎవరూ రారని చెప్పేవాడు కాదు."

డాక్టరు అన్నిటికంటే పాత సీసా అందుకుని, కిటికీ వెలుతురులో దాని మీది చీటీ చదివాడు.

"నంబరు ఒకటి. చెడ్డ రకం, ఆలస్యంగా వచ్చాడు. పేరు ఆదెయ్య, వృత్తి సముద్రంలో చేపల వేట."