మదురైలో అరగంట

"ఆ పెట్టె ఇప్పుడెందుకే? తాళం తుప్పు పట్టిపోయుంటుంది," అంది తిరుమలమ్మాళ్.

"నీకేం వదినా! పుస్తకంలో పేరు పడేది నా మొగుడిది," అంటూ పేచ్చియమ్మాళ్ ట్రంకుపెట్టె ముందు చతికిలబడింది.

ఎదురుగా కూర్చున్న కృత్తిక పీలమేడు కాలేజీలో చరిత్ర చెబుతుంది. డెబ్భై ఒకటి యుద్ధంలో, శత్రువిమానాలను కూల్చడానికని పెట్టిన ఒక ఫిరంగి దళం గురించి పుస్తకం రాస్తోంది. తొమ్మిది నెలలే బతికిన దళం. ఒక్క విమానమూ దాని మీదికి రాలేదు. యుద్ధం అయిపోగానే ఎత్తేశారు.

"అందరూ ఇళ్ళకు చేరినారు పాట్టీ. మీ ఆయన ఒక్కరే వేరే పట్టాళంలో చేరినారు. ఎందుకో ఏ కాగితంలోనూ లేదు," అంది కృత్తిక.

"పోయినాడని రెండేళ్ళకు తంతి వచ్చె. ఎందుకు ఇంటికి రాలేదో ఎవరూ చెప్పలే. అది తెలీకుండానే పోతానేమో కన్నూ," అంది పేచ్చియమ్మాళ్.

తిరుమలమ్మాళ్ పెట్టెకు దగ్గరగా జరిగింది. పేచ్చియమ్మాళ్ మొగుడు అళగిరిసామి ఆమె తమ్ముడే. ఆ పెట్టెలో ఏముందో ఆమెకు తెలుసు.

ఏడు ఉత్తరాలు. అన్నీ తెలుగులో. దళంలో ఉత్తరాలు తనిఖీ చేసే అధికారికి తెలుగు వచ్చు, తమిళం రాదు. తమిళ ఉత్తరం కదలడానికి నెల పట్టేది. అందుకని అళగిరిసామి గుంటూరు స్నేహితుడి చేత తెలుగులో రాయించేవాడు. ఈ వీధిలో అందరూ మాట్లాడేది తెలుగే. బడిలో నేర్చింది తమిళం. అయినా అతనికి ధైర్యం. ఇంట్లో అక్క ఉంది. అమ్మమ్మ పెళ్ళిపాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పుటలు తిప్పుతూ ఆమె పాడుతుంటే వీధంతా వచ్చి కూర్చునేది. చదువక్క అని పేరు.

"మా ఆయన పెద్ద పిసినారి. మాటలకు కూడా!" పేచ్చియమ్మాళ్ నవ్వింది. "ఏడు లెటర్లలోనూ అదే. నాను క్షేమం, బయపడొద్దు, బిడ్డ జాగర్త. వదిన చదువుతుంటే నాకే నోటికి వచ్చేసె."

"ఆఖరిది ఇలా ఇవ్వండి. హైదరాబాదులో ఉన్నప్పుడు తెలుగు చదవడం నేర్చుకున్నా," అంది కృత్తిక.

"కళ్ళు పాడుచేసుకుంటావు, వద్దు," అంది తిరుమలమ్మాళ్. ఎవరూ వినిపించుకోలేదు.

కృత్తిక మడత విప్పి పైకి చదివింది.

"పేచ్చీ, నిన్ను కొట్టి వచ్చినందుకు సిగ్గుగా ఉంది. మా దళం ఎత్తేశారు. పదకొండో తేదీ పగలు మా రైలు మదురైలో అరగంట ఆగుతుంది. నన్ను క్షమిస్తే బిడ్డనెత్తుకుని స్టేషనుకు రా. అక్కడే దిగిపోతాను. నువ్వు కనబడకపోతే ఇక నా ముఖం నీకు చూపించను. అక్కా, ఈ ఒక్కటి మాత్రం మెల్లగా చదివి వినిపించు."

కృత్తిక కాగితాన్ని పేచ్చియమ్మాళ్ ముందు పెట్టింది.

పేచ్చియమ్మాళ్ వదిన వైపు తిరిగింది.

"స్టేషను మూడు మైళ్ళే వదినా. బస్సు లేకపోయినా నడిచిపోయుంటానే."

తిరుమలమ్మాళ్ ఉత్తరాలను మళ్ళీ పెట్టెలో సర్దబోయింది.

"ఆ పదకొండో తేదీ మనిద్దరమూ మిరపకాయలు ఎండబెట్టినాము. నా పక్కనే కూర్చునుంటివి. రైలు కూత వినబడె. ఏం పగ వదినా నా మీద?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. తిరుమలమ్మాళ్ దాన్ని మింగేసింది.

"అవును. పగే," అంది.

పేచ్చియమ్మాళ్ లేచి, చాప చుట్టుకుని, యాభై ఏళ్ళు కలిసి వండుకు తిన్న ఆ ఇంట్లోంచి బయటికి నడిచింది.

చదువక్కకు అమ్మమ్మ పాటల పుస్తకం మొత్తం నోటికి వచ్చు. తెలుగులో ఒక్క అక్షరం కూడా చదవడం రాదు.