తోమకూడని వెండి

నాణెం తోమొద్దని ముసలాయన చెప్పలేదా అంటే, చెప్పాడు. ప్రభావతి చెయ్యే ఊరుకోలేదు. నల్లబడ్డ వెండి కంటబడితే ఆమెకు పూజగదిలో కుందులే గుర్తొస్తాయి. ఆయన ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేలోగా చింతపండు నానేసి, విభూతి అద్ది, తళతళలాడేలా తోమేసింది. ఆ తడిచేత్తోనే ముక్కుపుడక సర్దుకుని శిరోమణికి ఫోన్ చేసింది. ఆక్లాండ్‌లో ఇద్దరిదీ ఒకే పని, ఇళ్లకెళ్లి వృద్ధులను చూసుకోవడం.

"రెండున్నర వేల ఏళ్లనాటి గ్రీకు నాణెమంట అక్కా. ఆ నలుపే దానికి అందమంట. ఇప్పుడే గూగుల్లో చూశాను."

"ముందు చూడాల్సింది కదమ్మా. ఆయన కంప్లైంట్ ఇస్తే నీ వీసా ఏం గాను?"

ప్రభావతి ఫోన్ పెట్టేసింది. నాణేన్ని కిటికీ దగ్గర పెట్టి చూసింది. ఒకవైపు గుడ్లగూబ. ఒళ్లు పక్కకి తిరిగి ఉన్నా మొహం తిన్నగా మనిషి వైపే. ఎటు తిప్పినా దాని చూపు తప్పదు. మనవాళ్లు ఇంటిమీద వాలితేనే భయపడే పిట్ట గ్రీకులకు జ్ఞానమట, చీకట్లో కాపలా అట. ఆయనే చెప్పాడు. రెండోవైపు అథీనా దేవత. తలకు శిరస్త్రాణం, చెవికి పోగు, పెదవి మీద ఉందో లేదో తెలియని నవ్వు. ఎంత చెయ్యి తిరిగినవాడు చెక్కాడో, వెండి బుగ్గ మెత్తగా ఉన్నట్టే అనిపించింది.

ముసలాయన నికోస్‌కు చూపు లేదు. మౌంట్ ఆల్బర్ట్‌లోని ఆ ఇంట్లో రోజూ ఆ బుగ్గ మీద బొటనవేలు రాస్తూ, "ఎలేనీ" అంటూ కబుర్లు చెబుతాడు. ఎలేని ఆయన భార్య, ఏళ్ల క్రితం ఈ ఇంట్లోంచే మాయమైపోయిందట. పాపం చాదస్తం అనుకునేది ప్రభావతి. తోమొద్దన్నప్పుడు కూడా ఆయన చెప్పిన కారణం ఒక్కటే, ఎలేని ఒకసారి తోమిందని. తిట్లు తిని ఉంటుందిలే అనుకుంది.

టాక్సీ వచ్చింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లమీద దుప్పటి కప్పి, టీ పెట్టింది. ఆయన అరచెయ్యి చాచాడు. చూపులేని మనిషికి తెలుపేదో నలుపేదో ఏం తెలుస్తుందని ధైర్యం చెప్పుకుని నాణెం పెట్టింది.

బొటనవేలు గుడ్లగూబను తడిమింది. నాణెం తిరగేశాడు. వేలు బుగ్గ మీద ఆగిపోయింది.

"తోమావా?"

ప్రభావతి ఏడ్చేసింది. ఆఫీసుకు చెప్పొద్దని బతిమాలింది. చెప్పనన్నాడాయన. కోపం కూడా లేదు. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

"అయితే ఎలేని వెళ్లిపోయిందన్నమాట," అన్నాడు మెల్లగా.

తర్వాత కొత్త మనిషిని పరిచయం చేసుకుంటున్నట్టు నాణేన్ని తడుముతూ కూర్చున్నాడు. వేలు మళ్లీ ఒకచోట ఆగింది.

"ముక్కు మీద చిన్న చుక్కలా తగులుతోంది. ఏమిటిది, ప్రభా?"

ప్రభావతి చెయ్యి ముక్కుపుడక కోసం పైకి లేచింది. పుడక లేదు. ముక్కూ తగల్లేదు.