చెవుల సర్టిఫికెట్

"ఈయనకి చెవుడు డాక్టరుగారూ" అంది లారీ డ్రైవరు భార్య, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకముందే.

డ్రైవరు గుండె గుభేలుమంది. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వకుండా గోడమీది కంటిపరీక్ష అక్షరాల వైపే చూస్తూ కూర్చున్నాడు. చెవిటివాడు ఆ మాటకి ఉలిక్కిపడకూడదు కదా!

"ఎప్పట్నుంచి?" అడిగాడు డాక్టరు, ఫారం మీద కలం ఆపి.

"ఏడాదైందండీ. ఇంజను హోరుకి చెవులు పోయాయన్నారు. అప్పట్నుంచి నేనేం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కుళాయి కారుతోందంటే, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని 'ఏంటీ? కాస్త గట్టిగా చెప్పు' అంటారు. గట్టిగా చెబితే 'ఎందుకలా అరుస్తావు?' అంటారు. ఈయనకంటే గోడకి చెప్పుకోవడం నయం. దానికైనా చెవులుంటాయంటారు."

నిజానికి డ్రైవరువి పాముచెవులు. బండి కదలగానే ఏ చక్రం దగ్గర ఏ బోల్టు వదులైందో వినే చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం, ఓ ఆదివారం అటక సర్దమని భార్య అంటే వినపడనట్టు పడుకున్నాడు. ఆ నిద్ర ఎంత హాయిగా పట్టిందంటే, చెవుడు అలాగే ఉంచేసుకున్నాడు.

డాక్టరు ఫారం పక్కకి జరిపాడు. "అయితే కష్టమేనమ్మా. అయిదడుగుల దూరం నుంచి గుసగుసగా చెప్పింది వినపడాలి. వినపడకపోతే సర్టిఫికెట్ ఇవ్వలేను. సర్టిఫికెట్ లేకపోతే పెద్దబండ్ల లైసెన్సు చెల్లదు. గడువెప్పటిదాకా ఉంది?"

"ఇవాళే ఆఖరు. ఆ మాట కాయితం మీద రాసి చూపిస్తే గానీ కదల్లేదు ఈయన."

ఆ కాయితం డ్రైవరు జేబులోనే ఉంది. రేపు పొద్దున ఆరింటికి పైపుల లోడు ఎత్తాలి. తను ఎక్కకపోతే పదకొండేళ్లుగా తోలుతున్న బండి ఇంకొకడి చేతికి పోతుంది. ఇంకొకడు తన సీటులో కూర్చుని, తన అద్దం తిప్పుకుని, తన గేర్లు బరబరా గీకేస్తాడు. చెవుడు లేదంటే ఏడాది ఇంటిపని నెత్తిన పడుతుంది. ఉందంటే బండి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏమండీ, ఆవిడ చెప్పేది నిజమేనా?" డాక్టరు మామూలు గొంతుతోనే అడిగాడు.

డ్రైవరు భార్య వైపు చూశాడు. డాక్టరు చేతిలో కలం వైపు చూశాడు. బండే గెలిచింది.

"అబ్బే! శుభ్రంగా వినపడుతుందండీ."

"పెదాలు చూసి చెప్పేస్తున్నారు డాక్టరుగారూ! బండి మీద మోజుతో మీ చెవిలో పువ్వు పెడుతున్నారు."

"అయితే అటు తిరిగి కూర్చోమందాం" అన్నాడు డాక్టరు.

కుర్చీ గోడవైపుకి తిరిగింది. డ్రైవరు ఒక చెవి వేలితో మూసుకుని, ఎందుకైనా మంచిదని కళ్లు కూడా మూసుకున్నాడు.

"ముప్పై ఏడు" అంది వెనక నుంచి గుసగుస.

"ముప్పై ఏడు!"

"తాళంచెవి."

"తాళంచెవి!"

"పాత గొడుగు, కొత్త చెప్పులు."

"పాత గొడుగు, కొత్త చెప్పులు!" డ్రైవరుకి ఊపొచ్చేసింది. ఇంకా అడగమన్నట్టు తలాడించాడు.

ఈసారి గుసగుస మరీ సన్నగా వచ్చింది. "వంటింటి కుళాయి రేపే బాగుచేయిస్తాను."

"వంటింటి కుళాయి రేపే బాగుచేయిస్తాను!"

"అటక ఈ ఆదివారం సర్దుతాను."

"అటక ఈ ఆదివారం సర్దుతాను!"

అనేశాక నాలిక కరుచుకున్నాడు. గుసగుసకి మగా ఆడా తేడా ఏం తెలుస్తుంది? గిర్రున తిరిగి చూస్తే డాక్టరు ఎప్పుడో తన బల్ల దగ్గరికెళ్లి సంతకం పెడుతున్నాడు. నేలమీద గీసిన అయిదడుగుల గీతకి ఇంకో రెండడుగులు వెనక భార్య నిలబడి ఉంది.

"చెవులు భేషుగ్గా ఉన్నాయమ్మా" అన్నాడు డాక్టరు నవ్వాపుకుంటూ. "ఇదిగో, సంతకం, ముద్ర, అన్నీ పడ్డాయి."

సర్టిఫికెట్ అందుకుంటుంటే ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఏడాదిగా ఆ ఇంట్లో నాలో నేనే మాట్లాడుకున్నానండీ" అంది.

డ్రైవరుకి సిగ్గేసింది. కుళాయి రేపటిదాకా ఎందుకు, ఇవాళే చూద్దామనుకున్నాడు.

బయట కౌంటరులో అమ్మాయి పాత సర్టిఫికెట్ అడిగింది. భార్య సంచిలోంచి తీసిచ్చింది. ఆ అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివింది.

"దీనికింకా ఎనిమిది నెలల గడువుందిగా! ఇంత ముందుచూపున్న డ్రైవర్ని ఇప్పుడే చూస్తున్నా."

డ్రైవరు దాన్ని లాక్కుని చూశాడు. నిజమే. బండి కాయితాలన్నీ మొదట్నుంచీ ఆవిడే చూసుకుంటుంది. తేదీ చదివే అలవాటు తనకెప్పుడూ లేదు. పట్టిన సిగ్గు కాస్తా ఎగిరిపోయింది.

జేబులో కాయితం తీసి ఊపుతూ హాలంతా అదిరేలా అరిచాడు. "మరి ఇవాళే ఆఖరని రాశావేంటే? ఎందుకు అబద్ధం చెప్పావు?"

ఆవిడ కొత్త సర్టిఫికెట్‌ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏంటండీ? కాస్త గట్టిగా చెప్పండి. ఏడాదిగా అరిచీ అరిచీ నా చెవులు పోయాయి."